బాడుగ కారును ఎక్కడ పెట్టాలి: కర్నూలులో స్టాండు, యాప్, ఆఫీసు ఒప్పందం, సొంత గిరాకీ

కర్నూలులో ఎల్లో బోర్డు కారు కొన్నవారూ, కొనబోతున్నవారూ అడిగే ప్రశ్న ఒకటే: బండిని స్టాండులో పెట్టాలా, యాప్‌లో పెట్టాలా, ఏదైనా ఆఫీసుకు నెలవారీగా ఇచ్చేయాలా? మా ఇంట్లో రెండు బాడుగ కార్లు ఉన్నాయి. ఒకటి మా అన్న నడుపుతాడు, రెండవదానికి జీతం మీద డ్రైవరు ఉన్నాడు, లెక్కల పుస్తకం నేను రాస్తాను. చాలామంది ఈ ప్రశ్నను కమీషన్ దగ్గర మొదలుపెడతారు. ఏ యాప్ ఎంత శాతం కోసుకుంటుందో తెలిస్తే నిర్ణయం అయిపోతుందని అనుకుంటారు. మా పుస్తకం నాకు నేర్పింది వేరు. బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఖాళీగా తిరుగుతోందన్నది మొదట చూడాలి. ఈరోజు మన కారెక్కిన మనిషి మళ్లీ కారు కావలసి వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తాడన్నది ఆ తరువాత చూడాలి. కమీషన్ మూడవ స్థానంలో వస్తుంది.

దీనికి మా ఊళ్లోనే మంచి ఉదాహరణ ఓర్వకల్లు విమానాశ్రయం. 2021లో మొదలైన ఆ విమానాశ్రయం కర్నూలుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడికి వచ్చే విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. బస్టాండు దగ్గర ఒక గిరాకీ 500 రూపాయలకు ఓర్వకల్లు డ్రాప్ మాట్లాడుకున్నాడని అనుకుందాం. గిరాకీ ఉన్న చోటికి వెళ్లడానికి 2 కిలోమీటర్లు, గిరాకీతో 20, తిరిగి రావడానికి 20, మొత్తం 42 కిలోమీటర్లు. డీజిల్, టైర్లు, సర్వీసింగు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి కిలోమీటరుకు 8 రూపాయలు వేసుకుంటే ఖర్చు 336. కమీషన్ లేకుండా నడిపి, ఖాళీగా తిరిగివస్తే చేతిలో మిగిలేది 164 రూపాయలు. 20 శాతం కమీషన్ ఇచ్చి ఖాళీగా వస్తే 64. అదే 20 శాతం కమీషన్ ఇచ్చి, తిరుగు ప్రయాణానికి కూడా ఇంకో 500 రూపాయల గిరాకీ దొరికితే 464. ఇందులో డ్రైవరు జీతం గానీ, ఫైనాన్స్ కంతు గానీ కలపలేదు. కమీషన్ లేని బాడుగ కంటే, కమీషన్ ఉన్నా రెండు వైపులా మనిషి ఉన్న బాడుగలో దాదాపు మూడింతలు ఎక్కువ మిగిలిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. మీ బండి మైలేజీకి, మీ ఊరి ధరకు తగినట్టు అంకెలు మార్చి ఇదే లెక్క ఒకసారి వేసుకోండి.

యాప్‌లు టాక్సీ వ్యాపారాన్ని ఎందుకు తలకిందులు చేయగలిగాయో కూడా ఈ లెక్కలోనే ఉంది. పాత పద్ధతిలో గిరాకీ ఎక్కడ ఉన్నాడో డ్రైవరుకు తెలియదు, డ్రైవరు ఎక్కడ ఉన్నాడో గిరాకీకి తెలియదు. ఆ తెలియకపోవడమే స్టాండుకు విలువ ఇచ్చేది. 2007లో మొదలైన మేరు వంటి సంస్థలు ఫోన్ చేస్తే కారు పంపే పద్ధతిని నగరాలకు అలవాటు చేశాయి. 2009లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉబర్, 2010లో మన దేశంలో ఓలా మొదలైన తరువాత, చేతిలోని స్మార్ట్‌ఫోన్ ఆ ఇద్దరినీ ఒకే పటం మీద చూపించసాగింది. ఎక్కువ కార్లు ఉన్న యాప్‌లో కారు త్వరగా వస్తుంది కనుక గిరాకీలు అటు వెళతారు, ఎక్కువ గిరాకీలు ఉన్న యాప్‌లో ఖాళీ తక్కువ కనుక కార్లు అటు వెళతాయి. ఈ చక్రం తిరగడం మొదలుపెట్టే వరకు పెట్టుబడిదారుల డబ్బుతో గిరాకీకి తక్కువ ధర, డ్రైవరుకు ఇన్సెంటివ్ ఇచ్చి నిలబెట్టడం ఈ సంస్థల వ్యూహం. ఉబర్ ఒక పూర్తి సంవత్సరానికి తొలిసారి నిర్వహణ లాభం చూపించింది 2023లోనే. అప్పటి దాకా ప్రయాణికుడు ఇచ్చిన ధర అసలు ఖర్చుకు తగినది కాదని దీనినిబట్టే అర్థమవుతుంది.

కారు కొనేవారు ఈ చరిత్ర తెలుసుకోవడం అవసరం. తొలి రోజుల ఇన్సెంటివ్‌లను చూసి, అవి శాశ్వతమని నమ్మి, అప్పు చేసి కార్లు కొన్నవారు దేశమంతటా ఉన్నారు. మన జిల్లా నుంచి హైదరాబాదు, బెంగళూరు వెళ్లి కార్లు తిప్పినవారిలోనూ ఉన్నారు. ఇన్సెంటివ్‌లు తగ్గగానే కంతులు కట్టలేక 2017 తొలి నెలల్లో ఢిల్లీ, బెంగళూరు వంటి నగరాలలో డ్రైవర్లు సమ్మెలకు దిగారు. న్యూయార్కులో టాక్సీ నడిపే హక్కు ఇచ్చే మెడాలియన్ ఒక్కొక్కటి 2014 ప్రాంతంలో 10 లక్షల డాలర్లు పలికి, కొన్నేళ్లలోనే 2 లక్షల దరిదాపుకు పడిపోయింది. వాటిని కుదువ పెట్టి అప్పు తీసుకున్న కుటుంబాలు చితికిపోయాయి. అందువల్ల, యాప్ వారి ప్రతినిధి చూపించే తొలి మూడు నెలల సంపాదన అంకెలను ఆధారం చేసుకుని నాలుగైదేళ్ల కంతుకు సంతకం పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ఒక్కొక్క దారినీ చూద్దాం.

స్టాండు గురించి కొత్తవారికి చిన్నచూపు ఎక్కువ, అది తప్పు. స్టాండులో సీరియల్ ఉంటుంది, ముందు వచ్చిన బండికి ముందు బాడుగ. యూనియన్ ఉంటుంది, ప్రమాదమో గొడవో జరిగితే నలుగురు నిలబడతారు. పైగా కర్నూలు స్టాండులకు వచ్చేవి ప్రధానంగా దూర ప్రయాణాలు: మంత్రాలయం, శ్రీశైలం, అహోబిలం, యాగంటి, బెలుం గుహలు, హైదరాబాదు. ఇటువంటి ప్రయాణాలను కుటుంబాలు ఇప్పటికీ డ్రైవరు ముఖం చూసి, బండి సీట్లు చూసి, బత్తా, వెయిటింగు మాట్లాడుకుని ఖరారు చేసుకుంటాయి. గురువారం తెల్లవారుజామున స్టేషను దగ్గర దిగిన కుటుంబం మంత్రాలయం వెళ్లి, రాయరు దర్శనం చేసుకుని, సాయంత్రానికి తిరిగి వస్తామంటే అది అప్ అండ్ డౌన్ బాడుగ. ఖాళీ కిలోమీటరు దాదాపు ఉండదు. ఈ రకం బాడుగకు స్టాండుతో పోటీ పడగల యాప్ నాకు కనిపించలేదు. స్టాండు లోపం వేచి ఉండటంలో ఉంది. సీజను కాని రోజుల్లో సీరియల్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, కొన్నిసార్లు రాదు. కొత్తగా చేరేవారు కట్టవలసిన సభ్యత్వ సొమ్ము ఒక్కొక్క స్టాండులో ఒక్కొక్క రకంగా ఉంటుంది. అది తిరిగి వచ్చేదా కాదా అన్నది ముందే అడిగి, రసీదు తీసుకోవాలి.

యాప్‌లు రెండు రకాలు. ప్రతి బాడుగ మీదా కమీషన్ తీసుకునేవి ఒక రకం, రోజుకో వారానికో ఇంతని రుసుము తీసుకుని బాడుగ మొత్తాన్ని డ్రైవరుకే వదిలేసేవి రెండవ రకం. రెండవ రకానికి ఊపు తెచ్చింది 2022 నవంబరులో బెంగళూరులో మొదలైన నమ్మ యాత్రి. ఆటో డ్రైవర్ల సంఘాల మద్దతుతో, కమీషన్ లేకుండా మొదలై, తరువాత రోజుకు 25 రూపాయల రుసుముకు మారింది. ర్యాపిడో 2023 చివర్లో కార్లను ఇదే పద్ధతిలో తీసుకుంది. 2025లో ఉబర్ ఆటోలకు, ఓలా కార్లతో సహా తన బండ్లన్నిటికీ కమీషన్ లేని పద్ధతిని ప్రకటించాయి. పెద్ద సంస్థలు తమ ఆదాయ పద్ధతినే మార్చుకోవలసి వచ్చిందంటే, డ్రైవర్లు ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు ఒక్క వేలి నొక్కుతో మారగలగడమే దానికి కారణమని నా అభిప్రాయం. గిరాకీకి రెండు యాప్‌లు ఉన్నట్టే డ్రైవరుకూ ఉన్నాయి, ఏ సంస్థా ఇద్దరినీ పూర్తిగా కట్టిపడేయలేకపోయింది.

ఈ రెండు రకాల మధ్య ఎంపికకు లెక్క సులభం. కమీషన్ 20 శాతం అనుకుంటే, రోజు రుసుమును 0.20తో భాగించండి, ఎంత బాడుగ దాటితే రుసుము పద్ధతి లాభమో తెలుస్తుంది. రుసుము 60 రూపాయలనుకుంటే 300 రూపాయల బాడుగ దగ్గర రెండూ సమానం. రోజుకు 1,500 చేసేవారికి కమీషన్ 300, రుసుము 60, కనుక రుసుమే మేలు. అయితే రుసుము పద్ధతిలో బాడుగ రాని రోజు నష్టం పూర్తిగా డ్రైవరుది. వానాకాలంలో, పెళ్లిళ్లు లేని నెలల్లో మన ఊరు ఎంత చల్లబడుతుందో తెలిసినవారు నెల పాసు జోలికి పోకుండా రోజు పాసుతో మొదలుపెట్టడం మంచిది.

యాప్‌కు ఉన్న చట్టపు చట్రం కూడా తెలుసుకోవాలి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ఈ సంస్థలను అగ్రిగేటర్లుగా, అంటే గిరాకీని డ్రైవరుతో కలిపే మధ్యవర్తులుగా గుర్తించింది. కేంద్రం 2025 జూలైలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం సొంత బండి ఉన్న డ్రైవరుకు బాడుగలో కనీసం 80 శాతం అందాలి, రద్దీ వేళ ధర మూల ధరకు రెట్టింపు మించరాదు, సొమ్ము పక్షం రోజులకు మించి ఆపరాదు, డ్రైవరుకు కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా ఉండాలి. సరైన కారణం లేకుండా బాడుగ రద్దు చేస్తే ధరలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా. వీటిని అమలు చేయవలసింది రాష్ట్రాలు కనుక, మీరు చేరే యాప్‌కు మన రాష్ట్రంలో లైసెన్సు ఉందా, బీమా పత్రం మీ పేరు మీద వస్తుందా అన్నది చేరే రోజే అడగండి. ఈ మార్గదర్శకాలలో ఖాళీ కిలోమీటర్ల ప్రస్తావన కూడా ఉంది: గిరాకీ దగ్గరికి వెళ్లే దూరానికి పరిహారంగా కనీసం 3 కిలోమీటర్ల మూల ధర వసూలు చేయవచ్చు. నగరానికి అది సరిపోతుంది. ఓర్వకల్లు నుంచి ఖాళీగా వచ్చే 20 కిలోమీటర్లకు అందులో సమాధానం లేదు. ఈ నియమాలు మహానగరం లెక్కతో రాసినవి, కర్నూలు, నంద్యాల, ఆదోని వంటి ఊళ్లలో తిరుగు ఖాళీయే అసలు ఖర్చు.

యాప్ వల్ల మాకు జరిగిన ఒక ఇబ్బందిని ఇక్కడ చెప్పడం అవసరం. ఒకసారి పెద్దాసుపత్రి దగ్గర ఎక్కిన ప్రయాణికుడు దిగే చోటు మార్చమన్నాడు, మా అన్న మార్చాడు, తరువాత ధర పెరిగిందని అతడు ఫిర్యాదు చేశాడు. మరునాటి ఉదయం ఖాతా నిలిచిపోయింది. మూడు రోజుల పాటు సందేశాలకు సందేశాలే సమాధానంగా వచ్చాయి గాని, ఒక మనిషి గొంతు వినిపించలేదు. డ్యాష్‌బోర్డు మీద ఫోన్ వెలుగుతూనే ఉంది, బాడుగ మాత్రం మోగలేదు. నాలుగవ రోజు ఏ వివరణా లేకుండా ఖాతా తెరుచుకుంది. స్టాండులో గొడవ వస్తే పది నిమిషాల్లో పెద్దమనుషులు తేలుస్తారు. ఇక్కడ తీర్పు చెప్పింది ఎవరో కూడా మాకు తెలియలేదు. ఆ మూడు రోజులూ ఇల్లు గడిచింది పాత గిరాకీల ఫోన్ల వల్లనే. ఒకే యాప్ మీద బండిని పూర్తిగా ఆధారపడనివ్వరాదని అప్పటి నుంచి మా ఇంట్లో నియమం పెట్టుకున్నాము.

ఆఫీసు ఒప్పందం స్థిరమైనది, అందుకే ఫైనాన్స్ కంతు బరువుగా ఉన్నవారికి మొదట గుర్తుకు వచ్చేది. ప్రభుత్వ కార్యాలయం గానీ, సోలార్ కంపెనీ గానీ, సిమెంటు ఫ్యాక్టరీ గానీ నెలకు ఇంత, ఇన్ని కిలోమీటర్ల వరకు అని కారును తీసుకుంటాయి. ఇక్కడ చూడవలసినది నెల సొమ్ము కంటే బిల్లు ఎన్నాళ్లకు వస్తుందన్నది. బిల్లు రెండు నెలలు ఆలస్యమైతే డీజిల్, డ్రైవరు జీతం, కంతు మూడూ మన చేతి నుంచే పోవాలి. వడ్డీకి తెచ్చి పెడితే లాభం అక్కడే కరిగిపోతుంది. బిల్లులోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్, 1 శాతం కోత పడుతుంది, రిటర్ను వేస్తే అర్హత మేరకు తిరిగి వస్తుంది. మధ్యలో ట్రావెల్స్ ఏజెంటు ఉంటే ఒప్పందం ఎవరి పేరు మీద ఉందో, అతడు ఉంచుకునే వాటా ఎంతో కాగితం మీద చూసుకోవాలి. ఒప్పందంలో కిలోమీటర్ల పరిమితి దాటితే అదనపు ధర, రాత్రి హాల్టు బత్తా, ఆదివారం పిలిస్తే ఇచ్చేది, ఈ మూడూ రాసి లేకపోతే సంతకం చేయవద్దు. రెండు నెలల ఖర్చు చేతిలో ఉన్నవారికి ఇది మంచి దారి, లేనివారికి ఇది ఉచ్చు అవుతుంది.

సొంత గిరాకీ కట్టుకోవడం నెమ్మదైన పని, కానీ కర్నూలుకు అది చాలా తగినది. పెద్దాసుపత్రికి మన జిల్లాతో పాటు గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. డిశ్చార్జి అయిన మనిషిని పడుకోబెట్టి ఊరికి తీసుకువెళ్లే కారు, అదే మనిషిని నెల తరువాత చెకప్‌కు తీసుకురావాలి. ఆ కుటుంబం యాప్ తెరవదు. పోయినసారి నిదానంగా నడిపిన డ్రైవరుకే ఫోన్ చేస్తుంది. మా పుస్తకంలో చివరి పేజీలు అటువంటి పేర్లతోనే నిండాయి: పేరు, ఊరు, ఎప్పుడు మళ్లీ రావాలో తేదీ. తేదీకి రెండు రోజుల ముందు మేమే పలకరిస్తాము. పెద్ద యాప్‌ల వద్ద ఉన్న సమాచారం కూడా ఇదే, ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళతారన్నది. వారు దానిని లక్షల మంది గురించి దాచుకుంటారు, మనం నూరు మంది గురించి దాచుకుంటే చాలు. గూగుల్ మ్యాప్స్‌లో మన పేరు, వాట్సాప్ బిజినెస్‌లో ధరల పట్టిక, వెనక సీటు ముందు ఒక క్యూఆర్ కోడు ఉంటే సరిపోతుంది. రెండు మూడు కార్లున్న ట్రావెల్స్ వారు సొంత యాప్ చేయించుకోవాలని ఉబలాటపడటం చూశాను, దానికి పెట్టే డబ్బు టైర్లకు పెట్టడం మేలు. రెండు కార్ల కోసం ఎవరూ తమ ఫోన్‌లో ఒక యాప్ దింపుకోరు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. యాప్‌లో వచ్చిన బుకింగ్‌ను రద్దు చేయించి, అదే ప్రయాణాన్ని చేతికి డబ్బు తీసుకుని నడపడం కొందరికి అలవాటు. ప్రయాణం ముగిశాక గిరాకీ తానుగా నంబరు అడిగితే ఇవ్వడం వేరు, ఇది వేరు. రద్దయిన ప్రయాణంలో ప్రమాదం జరిగితే యాప్ బీమా వర్తించదు, ఖాతా పోవడం దాని పైన.

సరిహద్దు విషయం కర్నూలువారికి ప్రత్యేకం. తుంగభద్ర వంతెన దాటగానే తెలంగాణ. అలంపురం జోగులాంబ గుడికి గంట లోపు ప్రయాణమే అయినా రాష్ట్రం మారుతుంది. మంత్రాలయం వెళ్లిన కుటుంబం అక్కడి నుంచి రాయచూరు చూపించమంటే కర్ణాటక. ఈ బాడుగలు తరచుగా తీసుకోవాలంటే ఆలిండియా టూరిస్టు పర్మిట్ కావాలి, దాని రుసుము ఏడాదికి వేసి రోజు ఖర్చులో కలుపుకోవాలి. ఊళ్లో మాత్రమే తిరిగే యాప్ బండికి ఈ ఖర్చు అనవసరం కావచ్చు, స్టాండు బండికి, సొంత గిరాకీ బండికి తప్పదు. ఎంపిక చేసుకునేటప్పుడు చాలామంది మరిచిపోయే తేడా ఇది.

సహకార పద్ధతి గురించి కొద్దిగా. భారత్ టాక్సీ యాప్‌ను నడిపే, డ్రైవర్లే సభ్యులుగా ఉండే బహుళరాష్ట్ర సహకార సంఘం 2025లో నమోదైంది. కేరళ ప్రభుత్వం 2022లోనే కేరళ సవారి అనే సొంత వేదికను తిరువనంతపురంలో ప్రారంభించి, 8 శాతం సేవా రుసుముతో నడిపింది. ఆలోచన నాకు ఇష్టమే, కానీ గిరాకీలు లేని యాప్ ఎవరిదైనా బండిని ఖాళీగానే ఉంచుతుంది. మన ఊరికి వచ్చినప్పుడు సభ్యత్వం తీసుకోండి, మిగిలిన దారులు మూసుకోకండి.

ఆటో నడిపేవారి లెక్క కొంత భిన్నం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, బస్సు దారిలో సీటు లెక్కన నడిచే ఆటోలకు గిరాకీ పడిపోయింది. ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం ఇస్తున్నా, బస్సు వెళ్లని సందులకు, ఇంటి గుమ్మం దాకా వెళ్లే యాప్ బాడుగలకు మారడం వారికి కార్లవారి కంటే ఎక్కువ అవసరం.

ఏ యాప్ మన ఊళ్లో నిజంగా నడుస్తోందో తెలుసుకోవడానికి ప్రతినిధి మాట వినవలసిన పనిలేదు. మీ భార్య ఫోన్‌లోనో తమ్ముడి ఫోన్‌లోనో ప్రయాణికుల యాప్ దింపుకుని, కొత్త బస్టాండు, రైల్వే స్టేషను, కొండారెడ్డి బురుజు ఈ మూడు చోట్ల నుంచి, ఉదయం ఏడుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి, ఒక వారం పాటు తెరిచి చూడండి. ఎన్ని బండ్లు కనిపిస్తున్నాయి, ఎన్ని నిమిషాల్లో వస్తామంటున్నాయి, ధర ఎంత చూపుతోంది అన్నది రాసుకోండి. బండ్లు ఎక్కువగా ఉండి ధర తక్కువగా ఉంటే అక్కడ డ్రైవర్లు కాచుకుని కూర్చున్నారని అర్థం. బండ్లు తక్కువగా ఉండి, ధర పైకి పోతూ ఉంటే మీకు చోటు ఉంది.

వచ్చే వారం బండి చేతికి వచ్చే మనిషి నన్ను అడిగితే చెప్పేది ఇది. మొదటి మూడు నెలలు స్టాండులో ఉంటూ, ఒక రుసుము యాప్‌ను, ఒక కమీషన్ యాప్‌ను తిరుగు ప్రయాణాలకు మాత్రమే తెరవండి. ఓర్వకల్లులో గిరాకీ దిగగానే, హైదరాబాదులో డ్రాప్ అయిపోగానే ఫోన్ ఆన్ చేయడం దాని ఉత్తమ ఉపయోగం. కంతు నెల సంపాదనలో మూడో వంతు మించుతుంటే, రెండు నెలల ఖర్చు చేతిలో ఉన్నట్లయితేనే ఆఫీసు ఒప్పందం వెతకండి. ఇరవై రూపాయల నోటుపుస్తకంలో ఐదు గడులు గీయండి: బయలుదేరినప్పటి మీటరు, గిరాకీ ఎక్కినప్పటి మీటరు, దిగినప్పటి మీటరు, వచ్చిన సొమ్ము, గిరాకీ ఏ దారిన వచ్చాడు. తొంభై రోజుల తరువాత ఒక్కొక్క దారికి ఖాళీ కిలోమీటర్లను, మిగిలిన సొమ్మును విడివిడిగా కూడి, ఖాళీ కిలోమీటర్లు మొత్తంలో సగం దాటిన దారిని మానేయండి.